అడుగులు సరే, బండ ఎంత బరువు? ఎజర్డ్ చార్లెస్ రికార్డును చదవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో తిరునాళ్లు వచ్చాయంటే బండలాగుడు పోటీలు ఉండాల్సిందే. ఏ జత ఎద్దులు గెలిచాయని అడిగితే అడుగుల లెక్క చెబుతారు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఇన్ని అడుగులు లాగాయి అని. ఏళ్ల తరబడి ఆ పోటీలు చూసిన పెద్దాయన మాత్రం అంతటితో ఊరుకోడు. అది రెండు పళ్ల విభాగమా, ఆరు పళ్ల విభాగమా, సీనియర్లా అని అడుగుతాడు. బండ ఎంత బరువని అడుగుతాడు. ఆ రెండూ తెలియకుండా అడుగుల లెక్క వింటే ఆయనకు ఏమీ విన్నట్టు ఉండదు.

ప్రొఫెషనల్ బాక్సింగ్ గురించి మన కుర్రాళ్లు ఫోన్లలో చేసుకునే వాదనల్లో ఎక్కువగా వినబడేది అడుగుల లెక్కే. రాకీ మార్సియానో 49 పోటీలాడి 49 గెలిచాడు. ఫ్లాయిడ్ మేవెదర్ 50కి 50. ఆ పక్కన 95 గెలుపులు, 25 ఓటములు, ఒక డ్రా ఉన్నవాడి పేరు తెస్తే "25 సార్లు ఓడినవాడు గొప్పోడెట్లా అవుతాడు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ప్రశ్నలో న్యాయముంది. దానికి జవాబు ఆ 95కు, 25కు వెనకాల ఉన్న పేర్లలో ఉంది.

ఆ రికార్డు ఎజర్డ్ చార్లెస్‌ది. 1921లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పుట్టి, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో పెరిగాడు. 1949 నుంచి 1951 దాకా హెవీవెయిట్ చాంపియన్. బాక్సింగ్ చరిత్ర చదివినవాళ్లు అతన్ని ఎంత ఎత్తున పెడతారో, మామూలు అభిమాని అంతగా మరిచిపోయాడు. ఇంత తేడా ఎక్కడ వచ్చిందన్నదే ఇక్కడ చూడాల్సింది.

బరువు విభాగాలు: ముందు ఇది తేలాలి

బాక్సింగ్‌లో బరువు పౌండ్లలో చెబుతారు. మన లెక్కలో మిడిల్‌వెయిట్ గరిష్ఠం 72.6 కిలోలు, అంటే 160 పౌండ్లు. లైట్ హెవీవెయిట్ గరిష్ఠం 79.4 కిలోలు, అంటే 175 పౌండ్లు. చార్లెస్ కాలంలో దాని పైన ఉన్నది ఒక్కటే, హెవీవెయిట్. అక్కడ పై హద్దు లేదు. 80 కిలోలవాడైనా 110 కిలోలవాడైనా అదే రింగులో దిగాలి. ఈ రెంటి మధ్య క్రూయిజర్‌వెయిట్ అనే విభాగం 1979 తర్వాతే వచ్చింది. దాని గరిష్ఠం ఇప్పుడు 90.7 కిలోలు.

హెవీవెయిట్ చాంపియన్‌గా చార్లెస్ తూగింది సుమారు 83, 84 కిలోలు. ఈరోజు పుట్టి ఉంటే అతను హెవీవెయిట్ గడప తొక్కేవాడే కాదు, క్రూయిజర్‌వెయిట్‌లో హాయిగా ఆడుకునేవాడు. 2024 మేలో ఒలెక్సాండర్ ఉసిక్ తనకంటే 17 కిలోలు ఎక్కువున్న టైసన్ ఫ్యూరీని ఓడించినప్పుడు లోకం ముక్కున వేలేసుకుంది. 2025 సెప్టెంబరులో టెరెన్స్ క్రాఫర్డ్ రెండు విభాగాలు పైకెక్కి కానెలో అల్వారెజ్‌ను ఓడిస్తే అప్పుడూ అంతే. చిన్నవాడు పెద్దవాడి మీదికి వెళ్లి గెలిస్తే ఆ గెలుపుకు తూకం ఎక్కువని ఈ రెండింటినీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1950లో మాజీ చాంపియన్ జో లూయిస్ మీద చార్లెస్ చేసింది అదే.

ఇంకో చిక్కు ఉంది. మనకు బాక్సింగ్ అంటే నిఖత్ జరీన్ లాంటివాళ్ల వల్ల తెలిసిన అమెచ్యూర్ బాక్సింగ్. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, వరుసగా కొద్ది రోజుల టోర్నమెంట్, చివర పతకం. అందులో ప్రత్యర్థిని డ్రా తీసి కేటాయిస్తారు. ప్రొఫెషనల్ పద్ధతి వేరు. ఎవరితో ఎవరు ఆడాలో మేనేజర్లు, ప్రమోటర్లు బేరమాడుకుని తేల్చుకుంటారు. చార్లెస్ కాలంలో టైటిల్ పోటీ 15 రౌండ్లు. 12కు కుదించింది 1980ల్లో. బేరం మీద నడిచే ఆట కాబట్టి, గట్టివాణ్ని తప్పించుకుని రికార్డు మెరిపించుకోవడం వీలవుతుంది. గట్టివాడికి అవకాశమే ఇవ్వకుండా నిలబెట్టడమూ వీలవుతుంది. చార్లెస్‌కు ఈ రెండోది జరిగింది.

25 ఓటములను మూడు కుప్పలు పోస్తే

కల్లంలో కాయలు ఒకే కుప్పగా ఉంటే గట్టికాయ ఏదో తాలు ఏదో కనబడదు. ఈ ఓటముల్నీ విడదీసి చూడాలి.

మొదటి కుప్ప: 1940లో ప్రొఫెషనల్ అయిన దగ్గర్నుంచి 1951 జులై వరకు. ఈ పదకొండేళ్లలో ఓటములు అయిదు. కెన్ ఓవర్లిన్ చేతిలో ఓడినప్పుడు చార్లెస్‌కు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఓవర్లినేమో అప్పటికే మిడిల్‌వెయిట్ టైటిల్ పట్టి దిగినవాడు. తర్వాత కిడ్ టునెరో. 1943లో జిమ్మీ బివిన్స్, లాయిడ్ మార్షల్ వరుసగా ఓడించారు. మార్షల్ అయితే పలుమార్లు కింద పడేసి ఎనిమిదో రౌండులో ముగించాడు. అయిదోది 1947లో ఎల్మర్ రే చేతిలో, జడ్జీలు చీలిపోయిన తీర్పు.

ఈ అయిదుగురిలో ముగ్గురి బాకీ చార్లెస్ వడ్డీతో తీర్చాడు. సైన్యంలో పనిచేసి 1946లో తిరిగొచ్చాక మార్షల్‌ను రెండుసార్లు నాకౌట్ చేశాడు. బివిన్స్‌ను మొత్తం నాలుగుసార్లు ఓడించాడు. రేను 1948లో తొమ్మిదో రౌండులో పడగొట్టాడు. ఓవర్లిన్‌తో రెండోసారి ఆడితే డ్రా అయింది. 1946 మొదలు 1951 జులై దాకా చూస్తే, అయిదున్నరేళ్లలో అతని ఖాతాలో ఉన్న ఓటమి ఆ రే పోటీ ఒక్కటే.

రెండో కుప్ప: 1951 జులై నుంచి 1954 సెప్టెంబరు దాకా. ఏడు ఓటములు. జెర్సీ జో వాల్కాట్ చేతిలో రెండు, రాకీ మార్సియానో చేతిలో రెండు, రెక్స్ లేన్, నినో వాల్డెస్, హెరాల్డ్ జాన్సన్ ఒక్కొక్కటి. లేన్ పోటీ సంగతి చెప్పుకోవాలి. దానికి మాజీ చాంపియన్ జాక్ డెంప్సీ రెఫరీ, తీర్పరి కూడా ఆయనొక్కడే. ఆ లేన్‌ను చార్లెస్ దానికి ముందొకసారి, తర్వాతొకసారి ఓడించాడు. 1952లో వాల్కాట్‌కు ఇచ్చిన తీర్పు మీదా అప్పటి పత్రికలవాళ్లు చాలామంది పెదవి విరిచారు. అయినా ఓటమి ఓటమే, వాటిని కుప్పలోంచి తీసేయలేం. వాల్డెస్, జాన్సన్ చేతుల్లో 1953లో వెంటవెంటనే ఓడడం అతను దిగజారుతున్నాడనడానికి సూచనే.

మూడో కుప్ప: 1955 నుంచి 1959 దాకా. పది గెలుపులు, పదమూడు ఓటములు. అంటే మొత్తం ఓటముల్లో సగానికి పైగా, వయసు మళ్లి, కాళ్లు ఆడక, డబ్బు కోసం చిన్న చిన్న ఊళ్లలో ఆడిన ఈ అయిదేళ్లలోనివి.

అయిదు, ఏడు, పదమూడు. 25 అనే ఒక్క అంకె చెప్పేదానికీ ఈ మూడు అంకెలు చెప్పేదానికీ పోలిక లేదు. మార్సియానో 32 ఏళ్లకే, 49 దగ్గర ఆపేశాడు. చార్లెస్ కూడా 1951 జూన్‌లో ఆపేసి ఉంటే అతని ఖాతాలో అయిదే ఓటములు ఉండేవి. అప్పుడతని వయసు ముప్పై నిండలేదు. ఆపడం తెలివే కావచ్చు. దాన్ని రింగులోని నైపుణ్యంతో కలిపి కొలవడం మాత్రం సరికాదు.

బండ బరువు: ఎవరి మీద గెలిచాడు?

చార్లెస్ గురించి అసలు తూకం పడేది ఇక్కడ.

చార్లీ బర్లీ అనే అతని పేరు మనవైపు దాదాపు ఎవరూ విని ఉండరు. 1940ల్లో వెల్టర్, మిడిల్‌వెయిట్ చాంపియన్లు అతనికి దూరంగా జరిగారు. జీవితంలో ఒక్కసారి కూడా ప్రపంచ టైటిల్‌కు ఆడనివ్వలేదు. తనతో ఆడినవాళ్లలో బర్లీయే అందరికంటే గొప్పవాడని ఆర్చీ మూర్ చెప్పేవాడు. 1942లో, ఇరవై ఏళ్ల చార్లెస్ అయిదు వారాల తేడాలో బర్లీతో రెండుసార్లు ఆడాడు. అదీ బర్లీ సొంత ఊరు పిట్స్‌బర్గ్‌లో. రెండూ పాయింట్ల మీద గెలిచాడు. చార్లెస్ కొంచెం బరువెక్కువ, అది నిజం. అయినా పేరున్నవాళ్లెవరూ దగ్గరికి రాని మనిషి దగ్గరికి నెల దాటగానే రెండోసారి వెళ్లడం మేనేజర్ లెక్కలు వేసుకునేవాడు చేసే పని కాదు.

ఇక ఆర్చీ మూర్. 130కి పైగా నాకౌట్లు కొట్టిన మనిషి. 1952 చివర్లో లైట్ హెవీవెయిట్ చాంపియన్ అయి దాదాపు పదేళ్లు ఆ పట్టా వదల్లేదు. చార్లెస్ అతనితో 1946లో, 1947లో, 1948లో ఆడాడు. మొదటి రెండూ పాయింట్ల మీద గెలిచాడు. మూడోది ఎనిమిదో రౌండులో నాకౌట్. మూడుకు మూడు.

జోయీ మాక్సిమ్‌తో అయిదుసార్లు ఆడి అయిదూ గెలిచాడు. ఇక్కడ పడికట్టు రాయి సరిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. మొదటి రెండు గెలుపులు 1942 నాటివి, అప్పటికి మాక్సిమ్ కూడా కుర్రాడే. అయితే చివరి రెండూ 1951 మేలో, డిసెంబరులో, మాక్సిమ్ లైట్ హెవీవెయిట్ చాంపియన్‌గా ఉన్నప్పుడు. మేలో అయితే 15 రౌండ్లు ఆడి ఓడించాడు.

ఇప్పుడొక చిన్న లెక్క. 1941 మే నుంచి 1962 దాకా, రెండు దశాబ్దాలు, లైట్ హెవీవెయిట్ పట్టా నలుగురి చేతులు మారింది: గస్ లెస్నెవిచ్, ఫ్రెడ్డీ మిల్స్, జోయీ మాక్సిమ్, ఆర్చీ మూర్. చార్లెస్ ఇందులో ముగ్గురితో ఆడాడు. లెస్నెవిచ్ మీద ఒకటి, మాక్సిమ్ మీద అయిదు, మూర్ మీద మూడు. మొత్తం తొమ్మిది పోటీలు, తొమ్మిది గెలుపులు. ఇంగ్లండ్ వాడైన మిల్స్‌తో ఆడే సందర్భమే రాలేదు. ఇన్ని గెలిచినా చార్లెస్‌కు లైట్ హెవీవెయిట్ టైటిల్ పోటీ ఒక్కటంటే ఒక్కటి కూడా ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదన్నదానికి ఒకే కారణం చెప్పలేం. యుద్ధకాలంలో లెస్నెవిచ్ కోస్ట్ గార్డులో ఉన్నందున పట్టా కదలకుండా ఆగిపోయింది. 1946 తర్వాత అతను మిల్స్‌తో, బిల్లీ ఫాక్స్‌తో ఆడాడే కానీ, అందరికంటే గట్టి పోటీదారు ఎవరో తెలిసినా చార్లెస్ వైపు రాలేదు. నల్లజాతి బాక్సర్లలో చేతనైనవాళ్లను పక్కనబెట్టడం ఆనాటి రివాజు. బర్లీ, మార్షల్ సంగతీ అదే. డబ్బు లెక్కా ఉంది: ఓడిపోయే ప్రమాదం ఎక్కువ, జనం టికెట్లు కొనేది తక్కువ. అలాంటి పోటీకి ఏ చాంపియన్ మేనేజరూ సంతకం పెట్టడు. చివరికి లెస్నెవిచ్ చార్లెస్‌కు ఎదురుపడింది 1949 ఆగస్టులో. అప్పటికి లెస్నెవిచ్ తన పట్టా పోగొట్టుకుని ఉన్నాడు, పోటీ హెవీవెయిట్‌లో. ఏడు రౌండ్ల తర్వాత ఇక లేవలేదు. ఆ గెలుపును ఎక్కువ చేసి చెప్పకూడదు. లెస్నెవిచ్ అప్పటికే అరిగిపోయాడు.

పైస్థాయి ప్రత్యర్థుల్ని మాత్రమే తీసుకుని కూడితే ఇలా వస్తుంది. బర్లీ మీద 2-0, మూర్ మీద 3-0, మాక్సిమ్ మీద 5-0, బివిన్స్ మీద 4-1, మార్షల్ మీద 2-1, రే మీద 1-1, లెస్నెవిచ్ మీద 1-0, జో లూయిస్ మీద 1-0, వాల్కాట్‌తో 2-2, మార్సియానోతో 0-2. మొత్తం 21 గెలుపులు, 7 ఓటములు. ఈ పదిమందిలో ఎనిమిది మంది అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఏ ఓటమీ లేని రికార్డుల్లో ఇలాంటి పదిమంది వరసగా కనబడడం అరుదు.

రింగులో ఏం చేసేవాడు?

ఎత్తు ఆరడుగులు. చేతుల చాపు 73 అంగుళాలు, హెవీవెయిట్‌కు అది పొట్టి కిందే లెక్క. కాబట్టి దూరం నుంచి నిలబడి గుద్దే వీలు అతనికి లేదు. పొడవుతో రానిది సమయంతో, స్థానంతో రాబట్టేవాడు. "సిన్సినాటి కోబ్రా" అన్న పేరు అందుకే వచ్చింది. వెనక్కి తగ్గినట్టే ఉంటాడు, కాటు మాత్రం పడిపోయి ఉంటుంది.

ఎడమ చేతి జాబ్‌తో మొదలు. జాబ్ అంటే ముందున్న చేత్తో నేరుగా ఇచ్చే చిన్న గుద్దు. చాలామందికి అది దూరం కొలిచే కర్ర. చార్లెస్‌కు అది ఎర కూడా. జాబ్ ఇస్తున్నట్టు భుజం కదిలిస్తాడు. ఎదుటివాడు చేయి ఎత్తుతాడు. ఆ చేయి లేచిన సందులో కుడి గుద్దు పక్కటెముకల కింద పడుతుంది. రెండోసారి అదే కదలిక చేస్తే ఎదుటివాడు చేయి దించుకుంటాడు. అప్పుడు హుక్, అంటే మోచేయి వంచి పక్కనుంచి ఇచ్చే గుద్దు, దవడకు. ఒకే మొదలు, రెండు ముగింపులు. దీన్ని ఆడేవాళ్లు ఫెయింట్ అంటారు. మన కబడ్డీలో రైడర్ ఒక కాలు చూపి ఇంకో కాలుతో తాకినట్టు.

రెండోది పాదాలు. గుద్దాక అక్కడే నిలబడితే తిరుగు గుద్దు పడుతుంది. చార్లెస్ ఎడమ పాదం ముందువేళ్ల మీద తిరిగి, శరీరాన్ని ఎదుటివాడి భుజం పక్కకు తెచ్చేవాడు. దీన్ని పివట్ అంటారు. ఎదుటివాడు మళ్లీ తిరిగి నిలబడేలోపు ఇంకో రెండు గుద్దులు. తనకంటే భారీ మనిషి ఎదురైనప్పుడు దీని విలువ పెరుగుతుంది, ఎందుకంటే భారీ మనిషికి తిరగడానికి ఎక్కువ సమయం పడుతుంది.

మూడోది చేతికి చేయి తగిలేంత దగ్గర ఆడే ఆట. పాయింట్లకు ఆడేవాళ్లు మామూలుగా దగ్గరికి రారు, వస్తే పట్టుకుని రెఫరీ విడదీసేదాకా ఉంటారు. చార్లెస్ దగ్గరికి వచ్చి, మోచేతులు లోపలికి పెట్టి, చిన్న అప్పర్‌కట్లు, అంటే కిందినుంచి పైకి ఇచ్చే గుద్దులు, కొట్టి బయటికి పోయేవాడు.

1950 సెప్టెంబరు 27న యాంకీ స్టేడియంలో జో లూయిస్‌తో జరిగిన పోటీలో ఈ మూడూ కనబడతాయి. లూయిస్ బరువు 98.9 కిలోలు, చార్లెస్ 83.7. పదిహేను కిలోల తేడా, అంటే దాదాపు మన ఇంటి గ్యాస్ సిలిండర్‌లో పట్టే గ్యాసంత. అప్పటి న్యూయార్క్‌లో ఇప్పటిలా పది పాయింట్ల పద్ధతి కాదు, ఎవరెన్ని రౌండ్లు గెలిచారో లెక్కపెట్టేవాళ్లు. రెఫరీ చార్లెస్‌కు 10-5 ఇచ్చాడు. జడ్జీలు 12-3, 13-2. లూయిస్ జాబ్ ఇచ్చినప్పుడల్లా చార్లెస్ దాని బయటికి జారి లోపలికి కొట్టాడు. చివరి రౌండ్లకు లూయిస్ కన్ను వాచిపోయింది.

ఇంకోవైపు లోపాలూ ఉన్నాయి, దాచక్కర్లేదు. ఎడమ హుక్ కొట్టే ముందు కుడి చేయి కిందికి జారేది. దాన్ని కనిపెట్టినవాడు వాల్కాట్. 1951 జులైలో, ఏడో రౌండులో, నడుస్తున్నట్టే దగ్గరికి వచ్చి ఒక్క చిన్న ఎడమ హుక్‌తో చార్లెస్‌ను పడేశాడు. 37 ఏళ్ల వాల్కాట్ అప్పటిదాకా టైటిల్ గెలిచిన హెవీవెయిట్లలో అందరికంటే పెద్దవాడయ్యాడు. ఆ రికార్డు 1994లో జార్జ్ ఫోర్‌మన్ గెలిచేదాకా నిలిచింది.

జనానికి ఎందుకు నచ్చలేదు?

జో లూయిస్ పన్నెండేళ్లు చాంపియన్. నల్లవాళ్ల ఇళ్లలో దేవుడి పటం పక్కన ఉన్న పటం. 1949 మార్చిలో విరమించుకుని, పన్ను బకాయిలు తీర్చడానికి 36 ఏళ్ల వయసులో తిరిగి వచ్చాడు. అతన్ని కొట్టినవాణ్ని జనం ఎట్లా మెచ్చుకుంటారు? మెచ్చుకోలేదు. పాత చాంపియన్ ముసలివాడయ్యాడన్నారు. అందులో నిజమూ ఉంది. 1950 నాటి లూయిస్ 1938 నాటి లూయిస్ కాడు. కాబట్టి ఆ గెలుపును చార్లెస్ గొప్పతనానికి ప్రధాన సాక్ష్యంగా తీసుకోవడం పొరపాటు. మూర్, బర్లీ మీది గెలుపులు దానికంటే బరువైనవి.

టైటిల్ కూడా సగం టైటిల్‌గా మొదలైంది. లూయిస్ విరమించాక 1949 జూన్‌లో షికాగోలో చార్లెస్, వాల్కాట్ ఖాళీ పట్టా కోసం ఆడారు. చార్లెస్ 15 రౌండ్లలో గెలిచాడు. దాన్ని నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్ గుర్తించింది, న్యూయార్క్ కమిషన్ గుర్తించలేదు. ఆ అసోసియేషన్నే 1962 నుంచి డబ్ల్యూబీఏ అంటున్నాం. ఇప్పుడు నాలుగు సంస్థలు నాలుగు బెల్టులు ఇస్తున్నాయి కాబట్టి ఈ గందరగోళం మనకు కొత్త కాదు. లూయిస్‌ను ఓడించాకే చార్లెస్‌ను అందరూ చాంపియన్ అన్నారు.

బరూడీ మరణం తర్వాత మారిపోయాడా?

చార్లెస్ గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది. 1948 ఫిబ్రవరిలో షికాగోలో పదో రౌండులో అతను నాకౌట్ చేసిన శామ్ బరూడీ అనే కుర్రాడు మరునాడు చనిపోయాడు. ఆ తర్వాత చార్లెస్ చేతుల్లో చంపే కసి పోయిందని, దొరికినవాణ్ని ముగించకుండా పాయింట్లకు ఆడాడని అంటారు. ఆట మానేద్దామా అనుకున్నాడన్నది నిజం. హెవీవెయిట్‌గా అతను జాగ్రత్తగా ఆడాడనీ, ప్రేక్షకులు విసుక్కున్నారనీ నాటి రాతలు చూస్తే తెలుస్తుంది.

పోటీల పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే ఈ మాట సగమే నిలుస్తుంది. బరూడీ తర్వాత మూడు నెలల్లోనే రేను నాకౌట్ చేశాడు. చాంపియన్‌గా ఎనిమిదిసార్లు టైటిల్ కాపాడుకున్నాడు. అందులో అయిదు గడువు కంటే ముందే ముగిశాయి: లెస్నెవిచ్, పాట్ వాలెంటినో, ఫ్రెడ్డీ బెషోర్, నిక్ బరోన్, లీ ఓమా. పదిహేను రౌండ్లు పూర్తిగా సాగినవి మూడే, లూయిస్, వాల్కాట్, మాక్సిమ్‌లతో. ఆ ముగ్గురూ పడగొట్టడానికి తేలికైనవాళ్లు కారు.

దీనికి ఇంకో వివరణ ఉంది, నాకు అదే ఎక్కువ సబబుగా తోస్తుంది. 79 కిలోల దగ్గర పడగొట్టిన గుద్దు 95 కిలోల మనిషిని పడగొట్టకపోవచ్చు. అదే చేయి, అదే బలం, తగిలే బండ మాత్రం పెద్దది. హెవీవెయిట్‌కు ఎక్కాక అతను గుద్దుల సంఖ్యతో, పాదాలతో గెలవాల్సి వచ్చింది. మనసు మారిందో లేదో అతనికే తెలియాలి. బరువు మారిందన్నది మాత్రం తూకం కాగితాల్లో ఉంది. రెండు కారణాలూ కలిసి పనిచేసి ఉండొచ్చన్నవాళ్లను కాదనలేం.

మార్సియానో ముందు నిలబడ్డ పదిహేను రౌండ్లు

1954 జూన్ 17, మళ్లీ యాంకీ స్టేడియం. చార్లెస్‌కు 33 నిండబోతున్నాయి, కాళ్లలో పాత వేగం లేదు. అప్పటికి 85 గెలుపులు, 10 ఓటములు. బరువు ఇద్దరికీ దాదాపు సమానం, చార్లెస్ 84 కిలోలు, మార్సియానో 85. మొదటి రౌండ్లలో మార్సియానో కంటి పక్కన చీల్చాడు. సగం దాటాక మార్సియానో ఆపకుండా చేసే ఒత్తిడి పైచేయి అయింది. పాయింట్ల మీద మార్సియానో గెలిచాడు. 49 పోటీల్లో మార్సియానోతో 15 రౌండ్లూ నిలబడ్డది చార్లెస్ ఒక్కడే.

మూడు నెలలకు మళ్లీ ఆడారు. ఆరో రౌండులో మార్సియానో ముక్కు రంధ్రం నిలువునా చీలింది. కార్నర్‌లోవాళ్లు ఎంత అదిమినా రక్తం ఆగలేదు. డాక్టర్ ఆపించేస్తే చీలిన ముక్కుతో టైటిల్ పోయినట్టే. ఆ భయంతో మార్సియానో ఎనిమిదో రౌండులో మీదికి దూకి చార్లెస్‌ను నాకౌట్ చేశాడు. మచ్చలేని 49-0లో ఇది మచ్చకు అతి దగ్గరగా వచ్చిన రాత్రుల్లో ఒకటి. అప్పటికి చార్లెస్ తన ఉచ్చస్థితి దాటి కనీసం మూడేళ్లయింది.

ఎదుటి పక్షం ఏమంటుంది?

చార్లెస్‌ను ఎక్కువ చేసి చెబుతున్నారనేవాళ్ల వాదనలు మూడు. హెవీవెయిట్ చాంపియన్‌గా రెండేళ్లే ఉన్నాడు, ఓడించినవాళ్లలో కొందరు నాసిరకం. ఇది ఒప్పుకోవాల్సిందే. బెషోర్, బరోన్ పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేకపోవడంలో వింతేం లేదు. రెండోది, 1943లో బివిన్స్, మార్షల్ అతన్ని తేలిగ్గా పడేశారు కాబట్టి దవడ గట్టిది కాదని. 21 ఏళ్ల కుర్రాడి మీద ఇది కొంచెం కఠినమైన తీర్పు. మార్సియానోతో 15 రౌండ్లు నిలబడ్డవాడి దవడను గాజుబుడ్డి అనడం కుదరదు.

మూడోది అన్నిటికంటే గట్టిది. అతని లైట్ హెవీవెయిట్ రోజుల పోటీల ఫిల్మ్ చాలావరకు లేదు. మనం తెర మీద చూసేది ఎక్కువగా హెవీవెయిట్ చార్లెస్‌నే, అదీ దిగిపోతున్న రోజుల చార్లెస్‌ను. కళ్లతో చూడని ఆటను పత్రికల్లో రాసినదాన్ని బట్టి, ఫలితాల పట్టికను బట్టి ఎంతవరకు నమ్మాలి? నమ్మేవాళ్లు మూర్, మాక్సిమ్‌ల తర్వాతి ఆటను చూపిస్తారు. మూర్ 1950ల్లో ఆడిన పోటీల ఫిల్మ్ ఉంది, అతనెంత గట్టివాడో కళ్లారా చూడొచ్చు. అలాంటివాణ్ని మూడుసార్లు ఓడించాలంటే ఏం కావాలో అక్కణ్నుంచి వెనక్కి లెక్క కట్టొచ్చు. పూర్తి సాక్ష్యం కాదు కానీ కొట్టిపారేసేదీ కాదు. ఈ లెక్క మీదే చాలామంది చరిత్రకారులు టైటిల్ ఎన్నడూ పట్టని చార్లెస్‌ను లైట్ హెవీవెయిట్‌లో అన్ని కాలాలకూ మొదటి స్థానంలోనో రెండో స్థానంలోనో పెడుతున్నారు.

చివరి ఏళ్లు, మిగిలిన గుర్తులు

1959లో ఆపేశాక చార్లెస్ చేతిలో పెద్దగా డబ్బు లేదు. 1960ల్లో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు బయటపడింది. కండరాలకు ఆజ్ఞలిచ్చే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. మొదట కాళ్లకు వస్తే నడక పోతుంది. చివరి పోటీల్లో అతని కాళ్లు మొరాయించడానికి ఇదే కారణమని కొందరంటారు. తేల్చి చెప్పే వైద్య ఆధారం లేదు. నూటికి పైగా పోటీలాడిన మనిషికి 35 ఏళ్లకు కాళ్లు మొరాయించడానికి వేరే జబ్బు అక్కర్లేదు కూడా. 1975 మేలో షికాగోలో, 53 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో జాజ్ సంగీతంలో డబుల్ బాస్ వాయించేవాడు.

మరుసటి ఏడాది సిన్సినాటిలో ఒక రోడ్డుకు ఎజర్డ్ చార్లెస్ డ్రైవ్ అని పేరు పెట్టారు. 1990లో హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు తొలి జాబితాలోనే చేర్చారు. ఊళ్లో కంచు విగ్రహం నిలబెట్టింది మాత్రం 2022లో, అతను చనిపోయిన 47 ఏళ్లకు.